నలభై ఏడో గడప

మనుషుల మధ్య సఖ్యత ఎంతుందో నూటికి ఇన్ని మార్కులని తేల్చే శాస్త్రం ఒకటి ఈ మధ్య బాగా బలిసింది. దానికో సూచీ, సూచీకో నివేదిక, నివేదికకో నున్నటి అట్ట. అలాంటి నివేదిక ఒకటి నా సంచిలో ఉంది. అట్ట మీద కొల్లేటి లంకలో ఒక గుడిసె, గుడిసె ముందు చేట పట్టుకున్న ముసలామె, ఆమెను నవ్వుతూ పలకరిస్తున్న ఊరి పెద్ద. కింద ‘పరస్పర విశ్వాసానికి నమూనా గ్రామం’ అని అచ్చేశారు. లోపలి కాగితాలు ఒక్క పూటలో చదివేశాను. అంత నున్నటి అబద్ధం అట్టకు తగ్గట్టే ఉంది.

ఆ ఫొటోలో లేని మనిషి గురించి రాయాలని ఉంది. ఫొటో తీసిన పూట ఆమెను కొల్లేటి ఒడ్డున జీపులో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి వెళ్లారు.

ఆమె పేరు మెహజబీన్. వయసు నలభై నాలుగు. ఏలూరులో తంగెళ్లమూడి వైపు ఇల్లు. భర్త తాహిర్ దెందులూరు దాకా షేర్ ఆటో తోలుతాడు. ఆమె పని సర్వే. ఇరవై ఏళ్లుగా ఏ సంస్థ ఏది లెక్కపెట్టమంటే అది లెక్కపెట్టింది. దోమతెరలు, మరుగుదొడ్లు, పాలిచ్చే గేదెలు, తల్లిపాలు తాగే పిల్లలు, ఏదీ వదల్లేదు. ఈ జిల్లాలో ఆమె గడప తొక్కని ఊరు తక్కువ. పేరు అడిగితే ఎవరికీ తెలియదు. ‘ట్యాబ్ మేడమ్’ అంటే గుర్తుపడతారు.

నేను ఆమెను మొదట చూసింది దెందులూరు దగ్గర చెడిపోయి నిలబడ్డ బస్సులో. ప్రయాణికులు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో రాసుకోవడం ఆనాటి పని. జనం డ్రైవరు మీది కోపం ఆమె మీద చూపిస్తున్నారు. నా దగ్గరకొచ్చి ఎక్కడికండీ అని అడిగింది. ఎక్కడికీ కాదన్నాను. నా బోటి వాడు బస్సెక్కడానికి గమ్యం అక్కర్లేదు, కిటికీ చాలు. ఇంకొకరైతే బస్సు బోర్డు చూసి ‘విజయవాడ’ అని కొట్టేసి పోయేవారు.

“ఎక్కడికీ కాదు అన్నదానికి కోడు లేదండీ,” అంది. “అయినా మీరు చెప్పింది అదే కదా. ‘ఇతరములు’లో అలాగే రాస్తాను.”

రాసింది. రాసి నాకు చదివి వినిపించింది. నేను దేశమంతా తిరిగాను, నా నోటి మాటను ఇంత మర్యాదగా రాసుకున్న మనిషిని చూడలేదు. అప్పటి నుంచి ఏలూరు మీదుగా వెళ్లినప్పుడల్లా వాళ్లింట్లో టీ తాగకుండా రైలెక్కను.

ఆ నిక్కచ్చితనం ఆమెకు మగ్గం నుంచి వచ్చింది. తండ్రి మొహిద్దీన్ తివాచీలు నేసేవాడు. గళ్ల కాగితం మీద గీసిన పువ్వును ఆయన పైకి చదివేవాడు, ఎరుపు నాలుగు, ఆకుపచ్చ రెండు, మళ్లీ ఎరుపు ఒకటి అని. పిల్లలు ముళ్లు వేసేవారు. ఒక ముడి తప్పితే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. జానెడు నేశాక పువ్వు వంకర పోతుంది. అప్పుడు విప్పాలి, జానెడూ విప్పాలి. ఏడేళ్ల వయసులో ఒక ముడికి రోజంతా విప్పిన వేళ్లు ఆమెవి. అలాంటి వేళ్లకు ఎవరో ట్యాబ్ ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు అదేమిటో తెలియదు. వాళ్లు ఏడేళ్ల వయసులో ఏం విప్పారో నేను చెప్పలేను. ఇప్పుడు మాత్రం ఏదీ విప్పరు, వంకర పువ్వుకు అట్టేసి పంచుతారు.

ఈ సఖ్యత సర్వే హైదరాబాదు సంస్థది. శిక్షణ తాడేపల్లిగూడెంలో పెట్టారు, ఉల్లిపాయల మార్కెట్టుకు దగ్గర్లో ఒక హోటలు మేడ మీద. సూపర్‌వైజరు హేమంత్‌కుమార్‌ది ఆ ఊరే. కిందనున్న మార్కెట్టులో ఉల్లిపాయల్ని పెద్దవి, నడివి, గోలీలు అని మూడు రాశులు పోస్తారు. పైన ఇతను మనుషుల్ని పోయడం నేర్పాడు. పొరుగువాణ్ణి నమ్ముతారా? అసలు నమ్మను, కొంచెం, బాగా, పూర్తిగా. వేరే కులంవాళ్ల ఇంట్లో భోంచేస్తారా? గత నెల రోజుల్లో మీ ఊళ్లో ఎంతమంది మీతో మాట్లాడారు? ఇలా అరవై రెండు ప్రశ్నలు. కింద ఉల్లిపాయలు పోసేవాడు కనీసం కుళ్లినదాన్ని వేలితో నొక్కి చూస్తాడు. పైన ఆ పద్ధతి లేదు. సర్వే తప్పుల్లేకుండా ముగిస్తే మెహజబీన్‌కు సూపర్‌వైజరుగా పక్కా ఉద్యోగం ఇప్పిస్తానని హేమంత్‌కుమార్ మాటిచ్చాడు. ఇరవై ఏళ్లు ఎండలో తిరిగిన మనిషికి అది చిన్న ఆశ కాదు.

ఆమెకు వచ్చిన ఊళ్లలో ఒకటి కొల్లేటి లోపలి లంక. నత్తగుల్లలంక అందాం. అసలు పేరు రాస్తే మళ్లీ జీపులు పోతాయి. ఏలూరు నుంచి ఆటోలో ఒడ్డు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి గుర్రపుడెక్క చీల్చుకుంటూ దోనె మీద పోవాలి. దోనె నడిపేది యోబు.

ఈ లంకవాళ్ల ఆచారం ఒకటి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కొల్లేటికి వచ్చినంతమంది అధికారులు ఏ రాజధానికీ రారు. అడవులవాళ్లు, రెవెన్యూవాళ్లు, చేపలవాళ్లు, చివరికి గూడబాతుల్ని లెక్కపెట్టేవాళ్లు కూడా. (గూడబాతుల లెక్కను నేను నమ్ముతాను. అవి ముందు రోజు సమావేశం పెట్టుకోవు.) కనుక ఎవరైనా వస్తున్నారని తెలిస్తే ఊరి పెద్దలు ముందు రోజే చేపల కాటా షెడ్డులో కూర్చుని, రేపు ఏం చెప్పాలో తేల్చేస్తారు. ఊరంతా అదే చెప్పాలి. మాట ఒకటే ఉండాలి, అది వాళ్ల రాజ్యాంగం. మాట తప్పినవాళ్లకు వెలి.

పక్క లంకలో సర్వే ముందే అయింది. ప్రశ్నలు ఈత కొట్టి ఈ లంకకు చేరాయి. మెహజబీన్ దోనె దిగేసరికి ఊరంతా పరీక్షకు చదివి కూర్చుంది. పొరుగువాళ్లను నమ్ముతారా అంటే ‘పూర్తిగా’ అన్నారు, అందరూ. ఒకాయన ఎనిమిదో ప్రశ్న అడుగుతుండగానే తొమ్మిదోదానికి జవాబిచ్చాడు. మనుషులు ఇంత ఏకంగా మాట్లాడితే ఎవరికైనా భయం వేయాలి. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లకు ముచ్చట వేసింది. ఇంత సఖ్యత ఏ ఊళ్లోనూ రాలేదని సాయంత్రానికల్లా గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టారు.

జాబితాలో నలభై ఏడో గడప వెంకటనరసమ్మ అనే ఆమెది. ఓటర్ల జాబితాలోంచి కంప్యూటరు తీసిన పేరు. మెహజబీన్ ఆ ఇల్లు చూపించమంటే ఊరి పెద్ద వెంకట్రాజు అలాంటి ఇల్లే లేదన్నాడు. పేరు మాత్రం పలకలేదు. అది పడిపోయిన కొంపండీ, మనుషులు లేరండీ అని మరొకతను అందుకున్నాడు. ఇల్లు మూసి ఉంటే పక్క ఇల్లు తీసుకోవచ్చని నిబంధన ఉంది. హేమంత్‌కుమార్ కూడా ఫోనులో అదే చెప్పాడు. పక్కిల్లు సిద్ధంగా కూర్చుని ఉంది, జవాబులన్నీ వచ్చినట్టు మొహం పెట్టుకుని.

కిక్కిస గడ్డి అవతల, ఊరికి నలభై బారల దూరంలో, పొగ లేస్తోంది.

పడిపోయిన కొంప వంట చేసుకోదు. మెహజబీన్ చెప్పులు చేత్తో పట్టుకుని మోకాటి లోతు నీళ్లలో దిగి నడిచింది. వెనక ఎవరూ వద్దనలేదు. అందరూ ఒక్కసారిగా అటు చూడడం మానేశారు. అది వద్దనడం కంటే గట్టిది.

వెంకటనరసమ్మకు డెబ్భై దాకా ఉంటాయి. మనిషి మాట విని ఉలిక్కిపడింది. గొంతు పెగలడానికి కొంతసేపు పట్టిందట. ఆమె నేరం ఇది. రెండేళ్ల కిందట, కొల్లేట్లో వేయకూడని చేపల చెరువు గట్టు ఎవరు వేశారని అధికారులు అడిగితే, తెలియదని చెప్పాలని షెడ్డులో తీర్మానం అయింది. ఊరంతా తెలియదంది. ఈమె మాత్రం, ఎవరో ఎందుకేస్తారు బాబూ, అందరం కలిసే వేశాం, నేనూ మట్టి మోశాను అంది. అంతే. అంగట్లో ఉప్పు ఇవ్వరు, నిప్పు ఇవ్వరు, మాట ఇవ్వరు. ఆమెతో మాట్లాడినవాళ్లకు తప్పు వేస్తారు, జరిమానా కట్టాలి. ఏదైనా కావాలంటే తానే దోనె వేసుకుని ఒడ్డుకు పోయి తెచ్చుకుంటుంది.

ఇదెప్పుడు తీరుతుందండీ అని మెహజబీన్ అడిగింది. ఆ ప్రశ్న ఫారంలో లేదు.

వెంకటనరసమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి, షెడ్డులో అందరి ముందు మోకరిల్లి, నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకోవడం. అది తన వల్ల కాదు. రెండోది పాతకాలం కట్టుబాటు. వెలి వేసిన పెద్దే పదిమంది ముందు, పేరు పెట్టి, తన నోటితో పలకరిస్తే వెలి తీరినట్టే. మళ్లీ వేయడానికి లేదు.

“వెంకట్రాజు నోట నా పేరా? కొల్లేరు ఎండాలమ్మా,” అంది.

తర్వాత ఫారం. పొరుగువాళ్లను నమ్ముతారా అంటే కాసేపు ఆలోచించి, ‘కొంచెం’ అంది. ఊళ్లో నిజం చెప్పాలని ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే. గత నెల రోజుల్లో ఎంతమంది మాట్లాడారు అన్న ముప్పై ఒకటో ప్రశ్నకు మాత్రం ఆలోచించలేదు. ఎవరూ లేరంది. మెహజబీన్ సున్నా నొక్కింది. ట్యాబ్ ఎర్రగా మెరిసి, ‘సరిచూసుకోండి’ అంది. సరిచూసుకుని మళ్లీ సున్నా నొక్కింది.

తిరిగొచ్చేసరికి యోబు దోనె లేదు. వెలి మనిషితో మాట్లాడినవాళ్లను ఎక్కించుకుంటే అతనికీ తప్పు పడుతుంది. చివరికి వెంకటనరసమ్మే గెడ వేసి ఆమెను ఒడ్డు చేర్చింది. సామాజిక శాస్త్రం చరిత్రలో పరిశోధకురాలిని పరిశోధితురాలు దోనె మీద దింపడం ఎన్నిసార్లు జరిగిందో నాకు తెలియదు. ఎవరూ సూచీ వేయలేదు.

మర్నాడు హేమంత్‌కుమార్ ఫోను. నూటికి తొంభై ఏడు వచ్చిన ఊళ్లో ఒక సున్నా ఎలా వస్తుందని అతని బాధ. అది మిగతా లెక్కతో కలవడం లేదట, కనుక తప్పట. సున్నా తీసి నాలుగో అయిదో వేయమని, లేదంటే పక్కింటి ఫారం పెట్టమని మెత్తగా చెప్పాడు. మా ప్రాంతంలో దుర్మార్గం కూడా అండీ తగిలించుకునే వస్తుంది.

“మీ ప్రమోషను ఫైలు నా దగ్గరే ఉందండీ మేడమ్. ఒక్క అంకె కోసం చెడగొట్టుకుంటారా?”

“ఆవిడ చెప్పింది సున్నా అండీ. నేను అయిదు వేస్తే ఆ అయిదుగురి పేర్లు మీరు చెప్పండి, రాస్తాను,” అంది మెహజబీన్.

దాంతో ఆ ఫారం పునఃపరిశీలనకు పడింది. అనుమానం ఉన్న ఫారాన్ని పైవాళ్లు వచ్చి మళ్లీ అడిగి చూస్తారు. సాధారణంగా ఎవరో చిన్న ఉద్యోగి వస్తాడు. ఈసారి సూచీని తయారుచేసిన ప్రొఫెసరే వచ్చాడు. అంత మంచి ఊరు కదా, హేమంత్‌కుమార్‌తో పాటు ఫొటోగ్రాఫరును కూడా వెంటబెట్టుకున్నాడు. మొదట అడిగిన మనిషి పునఃపరిశీలన దగ్గర ఉండకూడదని రూలు. దారి చూపడానికి ఆమె కావాలి, లంకలోకి మాత్రం రాకూడదు. అందుకే జీపు.

జీపులో కూర్చున్న ఆ మూడు గంటలూ ఏం ఆలోచించావమ్మా అని అడిగాను. అవతల ముసలామె భయపడి మాట మారిస్తే తన ఇరవై ఏళ్ల ఫారాలూ అబద్ధమవుతాయని ఆలోచించిందట. ఒక్క ముడికి జానెడు విప్పాలి కదండీ అంది.

లంకలో జరిగింది నాకు తర్వాత యోబు చెప్పాడు. షెడ్డు ముందు రోజే తీర్మానించింది, ఆమెతో అందరం రోజూ మాట్లాడతాం అని చెప్పాలని. అందరూ చెప్పారు. ప్రొఫెసరుకు చాలలేదు. పుస్తకాల్లో బతికేవాడికి అప్పుడప్పుడు కళ్లతో చూడాలన్న సరదా పుడుతుంది. అయితే పదండి ఆవిడ దగ్గరికి, ఒకసారి మాట్లాడండి చూద్దాం అన్నాడు. నలభై మంది కిక్కిస దాటి ఆ గుడిసె ముందు నిలబడ్డారు. వెంకటనరసమ్మ చేటతో బయటకు వచ్చింది. ప్రొఫెసరు పక్కన నిలబడి చూస్తున్నాడు. అధికారి ముందు ఊరి మాట పోకూడదు, అదొక్కటే వెంకట్రాజు బుర్రలో ఉంది. పాపం, ఆ బుర్రలో రెండో దానికి చోటు ఎప్పుడూ లేదు.

“ఏవమ్మా వెంకటనరసమ్మా, వంటయ్యిందా?” అన్నాడు, నవ్వుతూ.

ఫొటో తీసింది అప్పుడే. తర్వాతిది అట్ట మీద లేదు.  వెంకటనరసమ్మ అతని వెనకున్న నలభై మందినీ ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది.

“విన్నారుగా,” అంది.

నలభై మందికీ ఒకేసారి తెలిసింది. ఈసారి మాట నిజంగానే ఒకటైంది, ఎవరూ నోరు తెరవలేదు. వెంకట్రాజు నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. పలకరించలేదంటే ప్రొఫెసరు ముందు అబద్ధికుడు. పలకరించానంటే వెలి తీరింది.

“అయ్యింది వెంకట్రాజు గారూ. చేపల పులుసు. రండి, భోంచేసి వెళుదురుగాని,” అందామె. ఆ వెంటనే చేట పక్కన పెట్టి, నీళ్లలో దిగి, ఊళ్లోకి నడిచి, అంగడి ముందు నిలబడి ఉప్పు అడిగింది. అంగడివాడు వెంకట్రాజు వంక చూశాడు. వెంకట్రాజు కొల్లేరు వంక చూశాడు. ఉప్పు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత.

ప్రొఫెసరుకు ఇందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ముసలామె ఉప్పుకు పోవడం కూడా సఖ్యత కిందే రాసుకున్నాడు. ముప్పై ఒకటో ప్రశ్నకు ‘ఒకటి’ వేశాడు. కళ్లారా చూశాడు కదా. దోనె ఒడ్డుకు వచ్చాక హేమంత్‌కుమార్ జీపు తలుపు తీసి, సున్నా తప్పండీ మేడమ్, ఒకటి అన్నాడు.

ఎవరు మాట్లాడారు అని అడిగింది మెహజబీన్. వెంకట్రాజు గారు స్వయంగా, పేరు పెట్టి మరీ పలకరించారు అన్నాడతను. ఆమె జీపులోనే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగలేదు. తన ఉద్యోగం పోయిందనీ తెలుసు, ముసలామె వెలి తీరిందనీ తెలుసు. ఈ నవ్వు కూడా ఆమె మీద రాసిన ఫిర్యాదులో ఉంది, ‘క్షేత్రస్థాయిలో అనుచిత ప్రవర్తన’ అని. దాని పైన ‘కల్పిత సమాచారం నమోదు’. ఇరవై ఏళ్లలో కల్పన చేయని ఒక్క మనిషి మీద ఆ ముద్ర వేశారు. గ్రూపులోంచి తీసేశారు. ఏలూరులో సర్వేలు చేయించే మిగతా సంస్థల ఫోన్లూ ఆగిపోయాయి. కలిసి పనిచేసిన ఆడపిల్లలు వట్లూరు బస్టాపులో ఎదురైతే ఫోను చూసుకుంటారట. వెలి వేయడం లంకల్లో మిగిలిపోయిన అనాగరికమని ఆ నివేదిక పదకొండో పేజీలో ఎక్కడో దూరదేశాల గురించి రాసి ఉంది. నాకు తెలిసి లంకలో వెలికి విరుగుడు ఒక పాత కట్టుబాటైనా ఉంది. వీళ్ల దగ్గర అదీ లేదు.

ఇప్పుడామె ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుంది. జాకెట్లకు కొలతలు తీసుకుంటుంది. ఆ కొలతలు ఎవరూ సరిచేయమనరు.

మొన్న మార్చిలో నేను వాళ్లింట్లో టీ తాగుతుండగా ఒక అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. పేరు ఇందుజ, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్. అదే సంస్థ, అదే సర్వే, రెండో విడత. కంప్యూటరు ఈసారి తంగెళ్లమూడిలో ఈ గడపను తీసింది. మెహజబీన్ తనెవరో చెప్పలేదు. కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, ప్రశ్నలకు ఒక్కోదానికి ఆలోచించి జవాబిచ్చింది. ముప్పై ఒకటో ప్రశ్న వచ్చింది. పదమూడు మంది అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాక, నెమ్మదిగా అడిగింది.

“ఇక్కడ సున్నా నొక్కితే ఏమవుతుందమ్మా?”

ఇందుజ నొక్కి చూపించింది. ట్యాబ్ సున్నాను అసలు తీసుకోలేదు. ఒకటి నుంచే మొదలు. పోయినసారి ఎవరో తప్పుగా వేశారట మేడమ్, అందుకని తీసేశారు అంది. అంత పెద్ద సంస్థ ఒక సున్నాకు భయపడి అంకెల్లోంచే దాన్ని వెలేసింది.

మిగతా ప్రశ్నలకూ మెహజబీన్ జవాబులిచ్చింది. చివరి ప్రశ్న, మీ బంధువులు కాక, మీ మతం కాక, కష్టం వస్తే మీరు ఎవరి దగ్గరకు వెళతారు?

“వెంకటనరసమ్మ గారు. నత్తగుల్లలంక.”

ఇందుజ జాబితాలో వెతికింది. పొరుగువారు, స్నేహితులు, తోటి ఉద్యోగులు, సంఘ నాయకులు. ఏదీ కాదు. ఇతరులు అని వేసేయనా మేడమ్ అని అడిగింది.

“వెయ్యి. వేసి, పక్కన పేరు రాయి,” అంది మెహజబీన్. “రాసింది నాకొకసారి చదివి వినిపించు తల్లీ.”